హారిసు ప్రభువు: ఆటస్థలమున, అధికారస్థానమున



నేడు నేను మీకు వినిపింపబూనినది యొక ఆంగ్లేయుని కథ. ఆయన క్రికెట్టు ఆటలో పేరుపొంది, పిమ్మట మన దేశమున నొక రాజధానిని పాలించిన దొర. బంతియాట సంగతి వృద్ధులకేల యని మీలో కొందరనుకొనవచ్చును. కడదాక వినుడు, గ్రామపెద్దలకు పనికివచ్చు విషయ మొకటి యిందు గలదు.

ఆయన పేరు జార్జి రాబర్టు కానింగు హారిసు. 1851 ఫిబ్రవరి 3వ తేదీని ట్రినిడాడు ద్వీపమున జన్మించెను. తండ్రి యప్పు డచ్చటి గవర్నరు. ఆ తండ్రియే 1854 మొదలు 1859 వఱకు చెన్నపురి గవర్నరుగా నుండి మన తెలుగు జిల్లాలను బెక్కింటిని పాలించెను. ముత్తాత 1799లో శ్రీరంగపట్టణమును పట్టుకొనిన సేనాని. ఇట్టి వంశమున బుట్టిన యీ బాలుడు ఈటను పాఠశాలలోను, ఆక్సుఫర్డులోను చదివి, కెంటు మండలపు జట్టునకు నాయకుడయ్యెను. ఇంగ్లండు దేశమున 1880లో జరిగిన మొదటి టెస్టు పోటీలో ఆంగ్లేయుల నాయకు డాయనయే.

ఆయన ధైర్యమునకు నిదర్శన మొకటి చెప్పెదను. 1879 ఫిబ్రవరి 8వ తేదీని ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున ఆట జరుగుచుండెను. ఆ దేశపు ఆటగాడు మర్డాకు అవుటని మధ్యవర్తి తీర్పు చెప్పగా, జనము కోపించి మైదానముమీదికి దుమికెను. ఒకడు హారిసును కఱ్ఱతో గొట్టెను. మధ్యవర్తిని మార్చుమని యెదిరిపక్షమువారు కోరిరి. హారిసు అంగీకరింపలేదు; స్థలము విడిచి పోనూలేదు. విడిచినచో ఆట యోడినట్లగునని గుంపు నడుమనే నిలిచియుండెను.

అట్టివాడు 1890లో బొంబాయి గవర్నరుగా వచ్చెను. ఆయన కాలముననే, 1892లో, ఐరోపీయులకును పారశీకులకును ఏటేట పోటీలు జరుగు నాచారము మొదలయ్యెను. ఇది యొప్పుకొనదగిన మేలే. కాని 1893 ఆగస్టు 11వ తేదీని బొంబాయిలో హిందువులకును మహమ్మదీయులకును ఘోరమైన కలహము పుట్టి, అనేకులు ప్రాణములు గోలుపోయిరి. గవర్నరు అప్పుడు పూనాలో నుండెను. తొమ్మిదవనాటికి గాని ఆయన నగరమునకు రాలేదనియు, వచ్చుటకును క్రికెట్టు ఆటయే ముఖ్యకారణమనియు ఆయనపై నింద నిలిచినది.

ఆ నింద చదివినప్పుడు నాకు నా తప్పు జ్ఞప్తికి వచ్చినది. నేను తెలుగు పండితుడనుగా నున్న యొక యూరిలో రెండు వీధుల బాలురు ఆటలో కలహించిరి. సాయంకాలమే నాకు కబురు వచ్చెను. పిల్లల తగవు తెల్లవారునప్పటికి చల్లారునని నేను అరుగు దిగలేదు. రాత్రి పెద్దలును చేరిరి. ఒక బాలుని చేయి విరిగెను. మఱునాడు పోయి నేను హితము చెప్పగా, ఆ బాలుని తండ్రి, “పంతులుగారూ, ఈ మాట నిన్న వచ్చి చెప్పవలసినది” అనెను. నాకు బదులు తోచలేదు.

కావున హారిసును నేను తేలికగా నిందింపజాలను. సిడ్నీలో తన జట్టు కొఱకు దెబ్బ తినియు నిలిచినవాడు, బొంబాయిలో తన ప్రజల కొఱకు వెంటనే రాలేకపోయెను. తనవారెవరని యెంచెనో యిందే తెలియుచున్నది. ఓర్పున భారతీయుడు ఆంగ్లేయునకు ఎన్నటికిని సాటిరాడని కూడ ఆయన వ్రాసెను.

ఆయన 1895లో స్వదేశమునకు మరలి, 1932 మార్చి 24వ తేదీని మరణించెను. బొంబాయి పాఠశాలల పోటీకి ఆయన పేరిట హారిసు షీల్డను పేరు గలదు. ఆ పోటీలోనే 1988లో తెండూల్కరు, కాంబ్లీ యను నిరువురు బాలురు విడదీయరాక నిలిచి, ఇరువురును గలసి 664 పరుగులు తీసిరి. ఓర్పును గూర్చిన మాటకు ప్రత్యుత్తరము ఆయన పేరుగల పోటీలోనే లభించినది.

అయ్యలారా, మీ యూర తగవు పుట్టిన కబురు వచ్చినపుడు తెల్లవారనిండని యనకుడు. చేతికఱ్ఱ పుచ్చుకొని ఆ రాత్రియే బయలుదేరుడు. సెలవు.