బాటప్రక్క మట్టిలో సీసము

హైదరాబాదు నుండి కరీంనగరము మీదుగా రామగుండము చేరే బాట ఒకటి. నిర్మల, ఆదిలాబాదుల మీదుగా నాగపూరు పోయే బాట మరొకటి. రెండింటి అంచునా చేలున్నవి, ఇళ్ళున్నవి, పిల్లలాడుకొనే మట్టి ఉన్నది. ఆ మట్టిని గూర్చియే ఈ ప్రసంగము.

ఇంజనులో పుట్టే టకటక శబ్దము నణచుటకు సీసపు ద్రవ్యమొకటి పెట్రోలులో కలుపవచ్చునని 1921లో అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ కనుగొన్నాడు. శబ్దమణగినది, సీసము మాత్రము పొగవెంట వెలువడి, సన్నని ధూళియై బాటకిరుప్రక్కల పడినది. నల్లపొగ చిమ్మే లారీని మనము తిట్టుకొంటాము గాని, ఈ ఒక్క విషయములో అది నిర్దోషి. డీజిలులో ఆ ద్రవ్యము కలిపేవారు కారు. కార్లు, స్కూటర్లే దీనికి బాధ్యులు.

మన దేశములో సీసపు పెట్రోలు 2000 ఫిబ్రవరితో ఆగినది. గాలి తేరుకొన్నది. మట్టి సంగతి అట్లు కాదు. సీసము కుళ్ళదు, ఆవిరికాదు. ఆదిలాబాదు నల్లరేగడివంటి బంకమన్ను దానిని గట్టిగా పట్టుకొంటుంది. వానలకు లోతునకు దిగనీయదు. బావినీటికది కొంత రక్షయే. కాని పడిన సీసము పైమట్టిలోనే, బాట అంచుననే నిలిచిపోతుంది.

చేయి నోట పెట్టుకొనే పసివానికి చిక్కేది ఆ పైమట్టియే. సీసము బిడ్డ మెదడును దెబ్బతీస్తుంది. ఇంతవరకు ఫరవాలేదనదగిన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కనుక పాతబాట అంచున త్రవ్విన మన్ను తెచ్చి వాకిలి మెరక చేయకండి. బాటప్రక్క తోటకూరను రెండు మూడు నీళ్ళ కడగండి. రైతులకొక మాట: మామూలు భూసార పరీక్షలో సీసము తేలదు, దానిని ప్రత్యేకించి అడగవలెను.