బిడ్డతో అరగంట
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ఉపన్యాసపాఠము)



మనము బదిలీల మనుష్యులము. సామానులు కట్టునప్పుడు పెట్టెలను లెక్కపెట్టుకొందుము. పిల్లలు విడిచి వచ్చుచున్న వారిని లెక్కపెట్టము. ఈ సంగతి నాకు ఆలస్యముగా తెలిసినది. కొన్నేండ్ల క్రిందట మేము ఈ నగరమునకు బదిలీయై వచ్చినప్పుడు, ఆరేండ్ల మా అబ్బాయి మాటలాడుట తగ్గించివేసెను. ప్రతి సాయంకాలమును అగ్గిపెట్టెలతో రైలుబండి పేర్చి, దానిని తానే పడద్రోయుచుండెను. "ఇల్లంతయు చెత్త చేయుచున్నా" వని నేను కసరుచుంటిని.

పెద్దలకు మాట యెట్టిదో పిల్లలకు ఆట యట్టిది. ఈ సత్యమును ఆధారముగా గొని అమెరికాలో వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లో ఆట చికిత్సను గూర్చి గ్రంథము ప్రకటించిరి. బిడ్డను ఉన్నది ఉన్నట్లు అంగీకరించుట, బిడ్డ దారి చూపగా పెద్దలు వెంట నడచుట, తొందరపెట్టకుండుట అందలి ముఖ్యసూత్రములు. 1964లో బెర్నార్డ్ గర్నీ మరియొక అడుగు వేసిరి. ఈ నేర్పును తల్లిదండ్రులకే ఏల నేర్పరాదని వారి ఆలోచన. వారును, వారి సతీమణి లూయీస్ గర్నీయు ఆ పద్ధతిని పెంపొందించిరి. తరువాత టెక్సాసులో గారీ లాండ్రెత్ దానిని పది వారముల పాఠక్రమముగా కుదించిరి.

ఆ తరగతులు జరుగు తీరు ఇది. కొద్దిమంది తల్లిదండ్రులు వారమున కొకసారి కూడుదురు. మొదట వినుట నేర్తురు. పిమ్మట ఇంటిలో, వారమునకు ఒక అరగంట, ఒక్క బిడ్డతో మాత్రమే ఆడుదురు. బొమ్మల కుటుంబము, మట్టి, రంగు పెన్సిళ్ళు, ఆటడాక్టరు సామాను మొదలగునవి ఒక పెట్టెలో ఆ అరగంటకే ప్రత్యేకించి యుంచుదురు. జరిగినదానిని మరుసటి తరగతిలో చెప్పి, లోపములు దిద్దుకొందురు.

ఆ అరగంటలో ప్రశ్న లడుగరాదు, పాఠము చెప్పరాదు, తప్పు లెన్నరాదు. ఇది వినుటకు సులభము, చేయుటకు కష్టము. "ఇది ఏ రంగు?" అని యడిగినచో ఆట పరీక్షగా మారును. బిడ్డ చేయుచున్నదానిని, దాని వెనుకనున్న మనోభావమును మన మాటలలో మెల్లగా తిరిగి చెప్పవలెను. అంతే.

ఇది గారాబము కాదా యని పెద్ద లడుగవచ్చును. కాదు. హద్దు నిర్ణయించుటయు ఇందులో ఒక పాఠమే. బిడ్డ కొట్టవచ్చినచో మూడు మాటలు చెప్పవలెను: "నీకు కోపము వచ్చినది. నన్ను కొట్టరాదు. కావలెనన్న ఈ దిండును కొట్టుము." మొదటి మాట మనస్సును గుర్తించును, రెండవది హద్దు చెప్పును, మూడవది దారి చూపును. మనము సాధారణముగా రెండవ మాట మాత్రమే, అదియును కేకవేసి, చెప్పుదుము.

బాలల మనస్తత్వ శాస్త్రము చదివిన మిత్రురాలొకరు నాకు ఈ సంగతులు తెలిపిరి. మొదటి రెండు వారములు నేను ప్రశ్నలు మానలేక చెడగొట్టితిని. మూడవ వారము బండి మరల పడెను. "బండి ముందుకు పోరాదని నీ కోరిక" అని మాత్రమే అంటిని. వాడు తలయెత్తకుండనే, "నానమ్మ ఎక్కలేదుగా!" అనెను. ఊరిలో మా అమ్మను విడిచి వచ్చిననాటి స్టేషను నా కన్నుల యెదుట నిలిచినది. నేను చెత్త యనుచు వచ్చినది వాని దుఃఖము. నాడు తండ్రీకొడుకుల మిద్దరమును ఆమెను గూర్చి చాలసేపు మాటలాడుకొంటిమి.

ఇది సర్వరోగ నివారిణి కాదు. తీవ్రమైన బాధ కనిపించినచో వైద్యుని చూపవలసినదే. మన తాతల కాలమున ఇట్టి తరగతు లుండెనా యని కొందరందురు. లేవు, కాని వినుటకు ఇంటినిండ జనముండిరి. రెండు గదుల క్వార్టరులో ఆ పని మనమే నేర్చుకొనవలెను.

కావున సంఘ కార్యవర్గమునకు నాదొక విన్నపము. నాటకములకు, పాటకచేరీలకు ఇచ్చు ఈ హాలును, పది ఆదివారములు, నిపుణులైనవారిని పిలిచి తల్లిదండ్రుల తరగతికి ఇప్పింపుడు. తండ్రులు కూడ రావలెను. ఫైళ్ళు మనకొరకు వేచియుండును; బాల్యము వేచియుండదు.