ఇంటి మాట, నవలాకారుని జ్ఞాపకము
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నవల ఎట్లు వ్రాయుదురో చెప్పవలసినదని సంఘమువారు నన్ను కోరినారు. నేనును రెండు నవలలు వ్రాసినవాడనే. అయినను, నా సంగతికంటె దాశరథి రంగాచార్యులవారి సంగతి చెప్పుట మేలని తోచినది. వారి బాల్యమునకును మన పెద్దల బాల్యమునకును పోలిక గలదు.

వారు 1928లో చినగూడూరులో జన్మించిరి. అది నైజాము రాజ్యము. మన బీదరు కూడ 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిదే. నాడు జహీరాబాదు, నారాయణఖేడు ఆంధ్రప్రదేశమునకు పోయినవి; మనము మైసూరు రాష్ట్రమున చేరితిమి. చుట్టరికములు మాత్రము ఏ సరిహద్దునకును లోబడలేదు!

ఆ కాలమున బడిలో చదువు ఉర్దూలో. 1918లో నెలకొల్పిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో శాస్త్రములు సైతము ఉర్దూలోనే బోధించిరి. రంగాచార్యులవారును ఆ చదువే చదివిరి. అందువలన వారి తెలుగు చెడలేదు. తెలుగువలన ఉర్దూయును చెడలేదు. 'ఉమ్రావ్ జాన్ అదా' అను ఉర్దూ నవలను తెలుగు చేసినది వారే.

వారి 'చిల్లర దేవుళ్ళు' 1969లో వెలువడినది. నైజాము పాలన 1948 సెప్టెంబరులోనే ముగిసినది. ఇరువదియేండ్లకు పైగా ఆ పల్లె ఎచ్చట దాగియున్నది? రచయిత సికింద్రాబాదులో పురపాలక సంఘపు కొలువు చేయుచుండెను. కొలువు, సంసారము, మనవలెనే నిత్యము తీరని పనులు. అయినను గడి, దొర, పట్వారి, వెట్టి, ఆడబాప అను మాటలు వారి చెవిలో నుండి పోలేదు. వెట్టి యనగా కూలి లేని చాకిరి. ఆడబాప యనగా పెండ్లికూతురి వెంట అత్తవారింటికి పంపబడిన దాసి. ఈ మాటలకు గ్రంథభాషలో పర్యాయములు వెదకి పెట్టినచో కథ మిగులును గాని ఆ పల్లె మిగులదు. కావుననే వారు పాత్రలచేత తెలంగాణ పలుకుబడినే పలికించిరి. ఆ పలుకుబడిని మోటని నవ్వినవారు లేకపోలేదు. వారి నవ్వు నేడెవరికి జ్ఞాపకము?

వారికి ముందు వట్టికోట ఆళ్వారుస్వామిగారు ఇతరుల ఇండ్లలో వంటచేయుచు చదువు నేర్చుకొనిరి. 1955లో 'ప్రజల మనిషి' నవలను వెలువరించిరి. పొయ్యి దగ్గర కూర్చున్నవానికి వినబడినన్ని మాటలు మేడపైవానికి వినబడవు.

నా అనుభవము కూడ ఒకటి చెప్పెదను. మా అవ్వను గూర్చి వ్రాయబోయి, 'ఆమె దయగలది' అని వ్రాసి గంటసేపు కలము పట్టుకొని కూర్చుంటిని. ఏమియు తోచలేదు. అంతలో 'గురిగి' అను మాట మనసునకు వచ్చినది. మా ఇంట పెరుగు తోడుపెట్టు చిన్న మట్టిపాత్రకు ఆమె పెట్టుకొన్న పేరు. ఆ మాటతో ఉట్టి వచ్చినది, ఉట్టి క్రింద పిల్లి వచ్చినది, పిల్లిని అదలించు అవ్వ గొంతు వచ్చినది. ఆ రాత్రి ఆరు పుటలు వ్రాసితిని. తేదీలను, సంఘటనలను మనసు పారవేయును. మాటను, దాని స్వరమును దాచుకొనును.

ఇక మన సంగతి. 'మా వాడు తెలుగు చదివి ఏమి చేయును?' అని తలిదండ్రులు నన్ను అడుగుచుందురు. తెలుగు ఉద్యోగము తెచ్చునని చెప్పి మిమ్ము మభ్యపెట్టను. కన్నడము ఈ నేల భాష. పిల్లలు దానిని చక్కగా నేర్వవలసినదే. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని 1956లో చేర్చిన రాజ్యాంగపు 350-ఎ అధికరణము రాష్ట్రములకు చెప్పుచున్నది. కాని అధికరణము అక్షరములను ఇప్పింపగలదు, గురిగిని ఇప్పింపలేదు. అది పాఠ్యపుస్తకములో ఉండదు. ఇంటిలో అవ్వ నోట వినబడవలెను. మన ఇండ్లలో ఇప్పుడు పిల్లలతో అన్నము దగ్గర తెలుగు మాటలాడువారు ఎందరు? చేతులెత్తుడని అడుగను, నాకును భయమే.

ఉపాధ్యాయులతో ఒక మనవి. తరగతికొక నోటుపుస్తకము పెట్టుడు. వంటింటిలోను, పొలములోను ఉండు వస్తువులకు తమ అవ్వతాతలు చెప్పు పేర్లను పిల్లలు సెలవులలో అడిగి అందు వ్రాయవలెను. ఉర్దూ మాట వచ్చినను, కన్నడపు మాట వచ్చినను కొట్టివేయవలదు; బీదరు తెలుగులో అవియును మనవే. చెప్పినవారి ఊరి పేరు కూడ ప్రక్కన వ్రాయింపుడు. వచ్చే ఏడు నన్ను పిలిచినచో, మొదట ఆ పుస్తకమునే చూపుమని అడిగెదను.