పాత మస్టాంగ్‌కి ఐదో గేరు: కొనే ముందు షాఫ్ట్ తిప్పి చూడండి

ఈరోజు కోడ్ లేదు, ఫోన్ రివ్యూ లేదు. ఒక గేర్‌బాక్స్ గురించి మాట్లాడుకుందాం.

బండి 1966 ఫోర్డ్ మస్టాంగ్. 289 క్యూబిక్ ఇంచుల వీ8 ఇంజిన్, కంపెనీ నుంచి వచ్చిన మూడు గేర్ల మాన్యువల్. ఓనర్ మా బీటెక్ బ్యాచ్‌మేట్, డాలస్‌లో ఉంటాడు. నాకు వీడియో కాల్ చేసి, "మామా, ఐదు గేర్ల బాక్స్ ఒకటి దొరికింది, ఎనిమిది వందల డాలర్లంట. ఆదివారం లోపు చెప్పాలి, తీసుకోమంటావా?" అన్నాడు. అసలు గొడవ గేర్ల గురించి కాదు. హైవే ఎక్కితే ఆ బండిలో పక్కనోళ్ల మాట వినబడదు, పాప నిద్ర లేచి ఏడుస్తుంది. మా చెల్లెమ్మ ఒకటే మాట చెప్పేసింది: "ఇంట్లో అందరం కూర్చుని వెళ్లలేని కారు మనకెందుకు, అమ్మేయండి." ఐదో గేరు పనిచేస్తే కారు ఉంటుంది, లేకపోతే పోతుంది. పరిస్థితి అదన్నమాట.

ముందు లెక్క చూద్దాం. మూడు గేర్ల బాక్స్‌లో టాప్ గేర్ నిష్పత్తి 1. అంటే ఇంజిన్ ఒక చుట్టు తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా ఒక చుట్టే. వాడి బండిలో వెనక యాక్సిల్ ఎవరో ఎప్పుడో మార్చి 3.50 పెట్టారు. టైరు ఎత్తు సుమారు 25 అంగుళాలు. గంటకు 70 మైళ్ల స్పీడులో ఇంజిన్ దాదాపు 3300 ఆర్‌పీఎం తిరుగుతుంది. గంటల తరబడి అలా తిరిగితే చప్పుడు రాక ఏమవుతుంది?

ఇక్కడ చాలామంది "నాలుగు గేర్ల టాప్‌లోడర్ పెట్టుకో, ఒరిజినల్‌గా ఉంటుంది" అంటారు. టాప్‌లోడర్ గట్టి బాక్సే, నాకూ ఇష్టమే. కానీ దాని నాలుగో గేరు కూడా 1. హైవే మీద ఒక్క ఆర్‌పీఎం కూడా తగ్గదు. కావాల్సింది గేర్ల సంఖ్య కాదు, ఓవర్‌డ్రైవ్. 80ల్లో మస్టాంగ్ వీ8తో వచ్చిన బోర్గ్‌వార్నర్ టీ5 బాక్స్‌లో ఐదో గేరు 0.68. అదే 70 మైళ్ల దగ్గర ఇంజిన్ సుమారు 2240కి దిగుతుంది. పైగా ఫస్ట్ గేర్ 3.35, సిగ్నల్ దగ్గర బండి తేలిగ్గా లేస్తుంది.

ఒక్క మాట. మీ బండిలో యాక్సిల్ 2.80 అయితే ఈ లెక్క వేరు. అప్పుడు ఐదో గేర్లో 1800 దగ్గరికి పడిపోతుంది, చిన్న ఎత్తు వచ్చినా నాలుగులోకి దిగాలి. డబ్బు పెట్టి కొన్న గేరు సగం రోజులు ఖాళీగా ఉంటుంది. కాబట్టి గేర్‌బాక్స్ కంటే ముందు యాక్సిల్ ట్యాగ్ చూడండి. ట్యాగ్ ఊడిపోయుంటే చక్రాన్ని తిప్పి షాఫ్ట్ చుట్లు లెక్కపెట్టండి.

ఇప్పుడు అమ్మేవాళ్లు అందరూ వాడే పదం, "కంపాటిబుల్". మన ఫీల్డ్‌లో కూడా ఈ పదం ఎంత మోసం చేస్తుందో తెలుసు కదా. లైబ్రరీ పేరు అదే ఉంటుంది, వెర్షన్ మారితే బిల్డ్ పగులుతుంది. టీ5 కూడా అంతే. ఆ పేరుతో ఫోర్డ్‌కి వెళ్లినవి ఉన్నాయి, జీఎంకి వెళ్లినవి ఉన్నాయి. కమారో టీ5 అయితే ఒక పక్కకి వంచి బిగించేలా ఉంటుంది, మస్టాంగ్‌లో సరిగ్గా కూర్చోదు. ఫోర్డ్‌లోనే నాలుగు సిలిండర్ల మస్టాంగ్‌కి ఇచ్చింది బయటికి వీ8 బాక్స్‌లాగే కనిపిస్తుంది, లోపల నిష్పత్తులు వేరు, బలం తక్కువ. 1983, 84 వీ8లకి వచ్చినది పాత రకం. 94, 95 వాటికి ఇన్‌పుట్ షాఫ్ట్ పొడుగు. మనకి కావాల్సింది 1985 నుంచి 93 దాకా వీ8తో వచ్చిన బాక్స్.

మరి బాక్స్ ఎదురుగా ఉంటే ఎలా గుర్తుపట్టాలి? వెనక భాగం బోల్ట్‌కి చిన్న రేకు ట్యాగ్ వేలాడుతుంది, 1352తో మొదలయ్యే నంబరు. తర్వాతి అంకెలని బట్టి ఏ బండిదో తెలుస్తుంది. కానీ ట్యాగ్ మార్చడం రెండు నిమిషాల పని. అందుకే వాడికి నేను చెప్పింది ఇది: "రేయ్, ఫస్ట్ గేర్ వేయించు. ముందు షాఫ్ట్ చేత్తో తిప్పమను. వెనక షాఫ్ట్ ఒక చుట్టు పూర్తయ్యేసరికి ముందుది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టు." వీ8 బాక్స్ అయితే మూడు చుట్లు దాటి ఇంకో మూడో వంతు. వాడు వెళ్లి తిప్పించాడు. దాదాపు నాలుగు చుట్లు వచ్చింది. నాలుగు సిలిండర్ల బాక్స్! ట్యాగ్ మాత్రం తళతళా వీ8 నంబరు. అమ్మేవాడు "నాకూ తెలీదు బ్రదర్" అన్నాడట. నిజమే కావచ్చు. మనవాడు నమస్కారం పెట్టి వచ్చేశాడు. ఇంకో మూడు వారాలకి సరైనది దొరికింది, రేటు కొంచెం ఎక్కువ.

బలం సంగతి కూడా అడిగాడు. కంపెనీ రేటింగ్ 265 పౌండ్-ఫుట్, 1990 నుంచి 300. వాడి ఇంజిన్ టార్క్ కాగితం మీద 282. అయితే 1966 అంకెలు గ్రాస్ లెక్క, అంటే ఫ్యాన్, సైలెన్సర్ లాంటి భారాలు లేకుండా కొలిచినవి. బండిలో ఉండగా అంత రాదు. పాపని కూర్చోబెట్టుకుని తిరిగే బండికి ఈ బాక్స్ చాలు. అంటుకుపోయే రేస్ టైర్లు వేసి క్లచ్ ఒక్కసారిగా వదిలే బ్యాచ్ అయితే వేరేది కొనుక్కోండి.

బిగించేటప్పుడు డబ్బు పోయేది చిన్న చిన్న చోట్లే. మొదటిది ఫ్లైవీల్. 289 ఇంజిన్‌కి 28 ఔన్సుల ఇంబ్యాలెన్స్ ఉన్న ఫ్లైవీల్ కావాలి. టీ5తో పాటు దాని పాత కారు ఫ్లైవీల్ కూడా తెచ్చేసుకుంటే అది 50 ఔన్సులది. బోల్టులు పడతాయి, పళ్ళూ కలుస్తాయి, ఇంజిన్ మాత్రం వణికి వణికి బేరింగులు తినేస్తుంది. బోల్టు పట్టింది కదా అని నమ్మొద్దు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

రెండోది బెల్‌హౌసింగ్. పాతదే ఉంచుకుని మధ్యలో అడాప్టర్ ప్లేట్ పెట్టొచ్చు. టీ5 ఇన్‌పుట్ షాఫ్ట్ కాస్త పొడుగు కాబట్టి ప్లేట్ మందం దానికి సరిపోతుంది, పాత క్లచ్ లింకేజీ కూడా అలాగే ఉంటుంది. వాడు ఇదే దారి పట్టాడు. మీ బండి 1964 మధ్యలో తయారైన మొదటి మస్టాంగ్‌లలో ఒకటైతే జాగ్రత్త, ఆ బ్లాకులకి బెల్‌హౌసింగ్ బోల్టులు ఐదే, తర్వాతవాటికి ఆరు.

మూడోది చాలా మెకానిక్‌లు వదిలేసేది. బెల్‌హౌసింగ్ మధ్య రంధ్రం, క్రాంక్ మధ్య గీత ఒకే లైన్లో ఉన్నాయా? క్రాంక్‌కి డయల్ ఇండికేటర్ తగిలించి చుట్టూ తిప్పితే ముల్లు మొత్తం మీద 0.010 అంగుళం దాటకూడదు. దాటితే ఆఫ్‌సెట్ డోవెల్ పిన్నులు వేసి సరిచేయాలి. సాయంత్రం మొత్తం పట్టింది దీనికి. వాడు విసుక్కున్నాడు. కానీ ఇది వదిలేస్తే గేర్ సరిగ్గా పడదు, ముందు బేరింగ్ తొందరగా పోతుంది, అప్పుడు నింద అంతా బాక్స్ మీద వేస్తారు.

బాక్స్ బరువు సుమారు 34 కిలోలు. చూడ్డానికి తక్కువే, కానీ కారు కింద పడుకుని ఛాతీ మీద పెట్టుకుని ఎక్కించే హీరోయిజం వద్దు. ట్రాన్స్‌మిషన్ జాక్ అద్దెకి తీసుకోండి, కారు స్టాండ్ల మీద ఉండాలి. బాక్స్ చివరి అంగుళం లోపలికి వెళ్లకపోతే బోల్టులు బిగించి లాగొద్దు. అల్యూమినియం చెవులు పగిలిపోతాయి. వెళ్లట్లేదంటే క్లచ్ ప్లేట్ మధ్యలో లేదని అర్థం, దించి మళ్లీ సర్దండి. వాడు రెండుసార్లు దించాడు. ఆయిల్ కూడా అడగండి: 85 తర్వాతి వరల్డ్ క్లాస్ టీ5కి ఏటీఎఫ్. చిక్కటి గేర్ ఆయిల్ పోస్తే లోపల లైనింగ్ ఉన్న సింక్రోలకి పడదు, గేర్లు మొరాయిస్తాయి.

"క్లాసిక్ కారుని పాడుచేస్తున్నారు" అని కామెంట్ వస్తుందని తెలుసు. కే-కోడ్ అంటారే, 271 హార్స్‌పవర్‌ది, అదైతే నేనే వద్దనేవాణ్ని. ఇది మామూలు 289. టన్నెల్ నరకలేదు, వెల్డింగ్ లేదు, క్రాస్ మెంబర్ బోల్టులతోనే వచ్చింది. పాత మూడు గేర్ల బాక్స్ శుభ్రంగా తుడిచి, ప్రతి బోల్టుకీ చీటీ కట్టి గ్యారేజీ అటక మీద పెట్టాడు. రేపు ఎవరికైనా ఒరిజినల్ కావాలంటే ఒక వీకెండ్ పని.

మన దగ్గర అంబాసిడర్ ఉన్నవాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు. 90ల్లో వచ్చిన ఇసుజు 1.8 అంబాసిడర్‌కి ఐదు గేర్ల బాక్స్ ఉంది కదా, పాతదానికి వేయొచ్చా అని. అది ఇసుజు ఇంజిన్‌కి పుట్టిన బాక్స్, పాత 1489 సీసీ ఇంజిన్‌కి నేరుగా బిగియదు. ఇంజిన్‌తో సహా మార్చితే ఆర్టీవో అనుమతి కావాలి. 50 ఏళ్లు దాటిన బండిని 2021 రూల్స్ కింద వింటేజ్‌గా రిజిస్టర్ చేయించే ఆలోచన ఉంటే ఇంజిన్, చాసిస్, బాడీ జోలికి అసలు పోకండి.

బండి ఇప్పుడు రోడ్డు మీదే ఉంది. పోయిన ఆదివారం చెల్లెమ్మ ముందు సీట్లో, పాప వెనక, ఆస్టిన్ దాకా వెళ్లొచ్చారు. చెల్లెమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌లో వెనకాల పాట వినిపిస్తోంది, ఇంజిన్ కాదు. స్పీడోమీటర్ మాత్రం తప్పు చూపిస్తోంది, కేబుల్ చివర ఉండే చిన్న ప్లాస్టిక్ గేరు పళ్ళు యాక్సిల్‌కి సరిపోలేదు. సరైన పళ్ళది ఆర్డర్ పెట్టాడు, అప్పటిదాకా ఫోన్‌లో జీపీఎస్ చూసి నడుపుతున్నాడు. ఆ గేరు లెక్క ఎలా వేయాలో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను. ఉంటాను, బై.