కోలారు బంగారు గనులు



కుప్పము సీమను దాటి ఉత్తరముగా పోయినచో కర్ణాటకమున కోలారు గనుల పట్టణము కానవచ్చును. దానిచుట్టును బూడిదవన్నె దిబ్బలు గుట్టలవలె నిలిచియున్నవి. అవి గుట్టలు గావు. పసిడి తీసికొని పారవైచిన రాతిపిండి.

ఆ నేల కథ మనుష్యునికంటె మిక్కిలి ప్రాచీనమైనది. సుమారు 270 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమునుండి పొంగిన లావా గడ్డకట్టి, మరల వేడిమికిని ఒత్తిడికిని లోనై నల్లని శిలగా మారెను. దాని పగుళ్లలో ప్రవేశించిన వేడినీరు తనయందు కరగియున్న పలుగురాతిని, పసిడిని అచ్చటనే విడిచెను. చాంపియన్ అను పేరుగల తెల్లని పలుగురాతి చార యట్లేర్పడినదే. ఈ నల్లరాతి పట్టె దక్షిణముగా సాగి మన చిత్తూరు జిల్లాలోని బిసానత్తము, చిగురుగుంటలవరకును వచ్చినది.

1802లో వారెను అను సైనికోద్యోగి మైసూరు సరిహద్దులు కొలుచుచు వచ్చి, గ్రామస్థులు మన్ను కడిగి పసిడి తీయుట చూచి వ్రాసిపెట్టెను. ఆ వ్రాతను చదివిన లావెల్ అను ఐరిషువాడు 1873లో త్రవ్వుటకు అనుమతి కోరెను. 1880లో జాన్ టెయిలరు కంపెనీ వచ్చినది. మొదట ధనమంతయు వ్యర్థమైనది. కంపెనీ మూతపడునట్లున్న సమయమున, మన పూర్వులు త్రవ్వి విడిచిన గుంటల క్రిందనే ఆ చార దొరకెను! దొరల యంత్రములకు దారి చూపినవి పేరులేని ఆ పాతకాలపువారి గోతులే యని నాకు తోచును. 1902లో శివసముద్రమునుండి విద్యుత్తు ఈ గనులకు వచ్చెను.

బంగారము తరిగిపోయినందున గని మూసిరా యని నన్ను పలువురు అడుగుదురు. తరిగిపోలేదు. తొలి సంవత్సరములలో ఒక టన్ను రాతికి, అనగా ఇంచుమించు ఒక బండెడు రాతికి, 40 గ్రాములకు పైగా పసిడి లభించెను. తుదకు 3 గ్రాములు, అనగా పావుతులము దక్కుటయు గగనమైనది. లోతో, మూడు కిలోమీటర్లు దాటినది. అచ్చటి రాయి 60 డిగ్రీలను మించి కాగియుండును. పైబరువునకు శిల హఠాత్తుగా పేలి కూలీలను బలిగొనెడిది. ఆ ధూళి పీల్చినవారి ఊపిరితిత్తులు చెడెను. ఒక తులము పసిడికి పట్టు వ్యయము దాని వెలను మించెను. నూటయిరువది యేండ్లలో సుమారు 800 టన్నుల పసిడి నిచ్చిన గని 2001 ఫిబ్రవరి 28న మూతపడెను.

పంపులు ఆగుటతో సొరంగములు నీటితో నిండెను. గాలి వీచినప్పుడు దిబ్బల దుమ్ము కూలీల ఇండ్లమీద పడుచున్నది. తమిళ, తెలుగు దేశములనుండి వచ్చి అచ్చటనే స్థిరపడిన ఆ కూలీల మనుమలు పలువురు నేడు వేకువ రైలెక్కి బెంగుళూరునకు పనికి పోవుచున్నారు.