మందుబిళ్ళలోని తెల్లని పొడి: ప్రమాదాలు, జాగ్రత్తలు

ఈనాటి పాఠం మొదలుపెట్టే ముందు మీ ఇంట్లోని మందుబిళ్ళల అట్ట ఒకటి తీసి వెనకవైపు చదవండి. మందు పేరు, దాని పరిమాణం ఉంటాయి. కింద చిన్న అక్షరాలతో ‘ఎక్సిపియెంట్స్, తగినంత’ అనే అర్థం వచ్చే మాట కనిపిస్తుంది. ఈ పాఠం ఆ ‘తగినంత’ గురించే.

ఒక బిళ్ళలో అసలు మందు 5 మిల్లీగ్రాములే ఉండవచ్చు. అంత కొంచెం పొడిని చేత్తో పట్టుకొని మింగలేం. దానికి పరిమాణం ఇవ్వాలి, అది విరగకుండా గట్టిగా ఉండాలి, కడుపులోకి వెళ్ళాక విడిపోవాలి. ఈ పనులన్నింటికీ ఎక్కువగా వాడే పదార్థం మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. కార్ఖానాల్లో దీన్ని ఎం.సి.సి. అంటారు. కలప గుజ్జులోని సెల్యులోజ్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లం వంటి ఆమ్లంతో వేడిచేసి, కడిగి, ఆరబెట్టి దీన్ని తయారుచేస్తారు. తెల్లగా ఉంటుంది, రుచీ వాసనా లేవు. సాధారణంగా వాడే రకాల్లో రేణువు సగటు పరిమాణం 50 నుంచి 100 మైక్రాన్లు. తింటే హాని లేదు, అందుకే ఆహార పదార్థాల్లోనూ కలుపుతారు.

మరి ఇందులో ప్రమాదం ఎక్కడుంది?

2025 జూన్ 30న, సోమవారం ఉదయం, సంగారెడ్డి జిల్లా పాశమైలారం పారిశ్రామికవాడలో ఈ పొడిని తయారుచేసే కార్ఖానాలో భారీ పేలుడు జరిగింది. భవనం కూలిపోయింది. 40 మందికి పైగా మరణించారు. వారిలో ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చినవారు చాలామంది ఉన్నారు. బాధ్యత ఎవరిదో తేల్చడం విచారణాధికారుల పని, న్యాయస్థానాల పని. మనం తెలుసుకోవలసింది వేరే ఉంది. తినడానికి పనికివచ్చే పొడి అసలు ఎలా పేలుతుంది?

మీలో పెద్దవారికి వీధి భాగవతాలు గుర్తుండే ఉంటాయి. రాక్షస పాత్ర ప్రవేశించేటప్పుడు కాగడా మీద గుగ్గిలం పొడి చల్లేవారు. మంట ఒక్కసారిగా భగ్గుమని లేచేది. అదే గుగ్గిలాన్ని గడ్డగా నిప్పుల మీద వేస్తే నెమ్మదిగా పొగ వస్తుంది. పదార్థం ఒకటే, మారినది రేణువు పరిమాణం. ఒక సెంటీమీటరు భుజం ఉన్న ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 100 మైక్రాన్ల ఘనాలుగా కోస్తే 10 లక్షల ముక్కలవుతాయి, మొత్తం ఉపరితలం 600 చదరపు సెంటీమీటర్లకు పెరుగుతుంది. మంటకు గాలి తగిలే చోటు 100 రెట్లు పెరిగిందన్నమాట.

పొడి పేలడానికి అయిదు అంశాలు ఒకచోట కలవాలి. మండే పొడి, గాలిలోని ఆక్సిజన్, నిప్పురవ్వ వంటి రాజేసే కారణం, పొడి గాలిలో మేఘంలా పరచుకోవడం, నాలుగువైపులా మూసి ఉన్న చోటు. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా పేలుడు ఉండదు. భద్రత అంటే ఈ అయిదింటిలో కనీసం ఒకదాన్ని నమ్మకంగా తప్పించడమే.

ఇది కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. 1785లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ఒక రొట్టెల దుకాణపు పిండి గిడ్డంగి పేలిన సంగతి అప్పుడే గ్రంథస్థమైంది. అమెరికాలో 1980 నుంచి 2005 వరకు ఇటువంటి ధూళి ప్రమాదాలు 281 జరిగి 119 మంది మరణించారని ఆ దేశపు రసాయన భద్రతా మండలి లెక్కతేల్చింది. ఆ తరువాత కూడా, 2008లో, జార్జియా రాష్ట్రంలో ఒక చక్కెర కార్ఖానా పేలి 14 మంది చనిపోయారు. పిండి, చక్కెర, సెల్యులోజ్: మూడూ తినేవే.

ఇటువంటి ప్రమాదాల్లో ఎక్కువ ప్రాణనష్టం చేసేది చాలాసార్లు మొదటి పేలుడు కాదు. అది యంత్రం లోపల చిన్నగానే మొదలుకావచ్చు. దాని అదురుకు దూలాల మీద, పైపుల మీద, దీపాల మీద పేరుకున్న పొడి కిందికి రాలి మేఘమవుతుంది. వెనకనే వచ్చిన మంట దాన్ని అంటుకుంటుంది. ఇదే రెండో పేలుడు. భవనాలను కూల్చగల శక్తి దీనికి ఉంటుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఎం.సి.సి. ఒక ఘనపు మీటరు సుమారు 300 కిలోలు తూగుతుంది. నేల మీద ఒక మిల్లీమీటరు మందాన పొర ఉంటే, ఒక చదరపు మీటరుకు 300 గ్రాములు. ఆ గది ఎత్తు 3 మీటర్లయి, పొడి అంతా గాలిలోకి లేచిందనుకోండి. ఘనపు మీటరు గాలిలో 100 గ్రాములు ఉంటుంది. చాలా సేంద్రియ పొడులు 30 నుంచి 60 గ్రాములకే పేలగలవు. ఒక మిల్లీమీటరు మందం కూడా లేని పొర చాలన్నమాట. కాబట్టి గాలి తేటగా ఉందని ధైర్యపడకండి. తలెత్తి దూలాల వైపు చూడండి, వేలితో గీస్తే గీత పడుతున్నదా గమనించండి. 2003లో అమెరికాలోని కిన్‌స్టన్‌లో మందుసీసాల రబ్బరు మూతలు తయారుచేసే కార్ఖానా పేలి ఆరుగురు మరణించారు. అక్కడ కింద అంతా శుభ్రంగానే ఉండేది. పాలిథిలీన్ పొడి ఫాల్స్ సీలింగ్ పైన, ఎవరికీ కనబడకుండా పేరుకుంది.

ఇక స్ప్రే డ్రయర్ సంగతి. నీళ్ళతో కలిసిన సెల్యులోజ్‌ను వేడిగాలిలోకి తుంపరగా చిమ్ముతారు. నీరు ఆవిరైపోతుంది, పొడి సైక్లోన్‌లో, బ్యాగ్ ఫిల్టర్లలో చేరుతుంది. ఆలోచించండి: మండే పొడి, గాలి, మేఘం, మూసిన పాత్ర, నాలుగూ అక్కడ ఎప్పుడూ ఉంటాయి. మిగిలింది నిప్పు ఒక్కటే. లోపలి గోడకు అంటుకున్న పొడి వేడికి గోధుమరంగుకు మారి, లోలోపల రాజుకొని, ముద్దగా రాలితే ఆ అయిదోది కూడా చేరినట్లే. అందువల్ల లోపలి ఉష్ణోగ్రతను నిత్యం గమనించాలి, పేరుకున్నదాన్ని వేళకు శుభ్రం చేయాలి. పేలుడు ఒత్తిడి బయటికి పోయేందుకు వెంట్లు ఉండాలి, అవి మనుషులు తిరగని వైపుకు తెరుచుకోవాలి. మంట ఒక యంత్రం నుంచి మరొకదానికి పాకకుండా అడ్డుకునే వాల్వులు ఉండాలి. డ్రయర్ పక్కన కార్యాలయాలు, భోజనశాలలు పెట్టకూడదు. అక్కడ అవసరానికి మించి ఒక్క మనిషి కూడా ఉండకూడదు.

మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షన్‌లోనే ఈ సూత్రాలు ఉండేవి: యంత్రాన్ని మూసి ఉంచడం, ధూళి పేరుకోకుండా తొలగించడం, నిప్పును దూరంగా ఉంచడం, ఒత్తిడికి దారి ఇవ్వడం. చట్టాలు మారినా పొడి స్వభావం మారదు.

మీరు ఇటువంటి చోట పనిచేస్తున్నా, రేపు ఫార్మసీ చదివి చేరబోతున్నా, ఈ జాగ్రత్తలు మరవకండి. కంప్రెసర్ గాలితో పొడిని ఊదవద్దు, పొడి చీపురుతో చిమ్మవద్దు. మండే ధూళికి తగిన వ్యాక్యూమ్‌నే వాడండి. సంచి వంచేటప్పుడు స్థిర విద్యుత్తు పుడుతుంది, కాబట్టి లోహపు పాత్రలన్నింటికీ ఎర్తింగ్ ఉందో లేదో చూడండి. వెల్డింగుకు ముందు అనుమతి పత్రం తీసుకోవాలి, చుట్టూ ఉన్న పొడిని పూర్తిగా తొలగించాలి. ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. కంట్లో పడితే ధారగా నీళ్ళతో కడగండి. నేలమీద ఒలికిన పొడి తడిస్తే కాలు జారుతుంది, దాన్ని వెంటనే ఎత్తండి. కాలుతున్న పొడి మీద నీటిని బలంగా చిమ్మితే అది మేఘమై లేచి పేలవచ్చు. మెల్లని తుంపరే వాడాలి, అదీ శిక్షణ పొందినవారే చేయాలి. మిగిలినవారు బయటికి వెళ్ళిపోవాలి.

సరకుతోపాటు వచ్చే భద్రతా సమాచార పత్రాన్ని చివరిదాకా చదవండి. ఈ పొడి పత్రంలో మొదటనే ‘ప్రమాదకర పదార్థం కాదు’ అని ఉండవచ్చు. ఆ మాట విషగుణం గురించి నిజమే. కాని నిర్వహణ, నిల్వల గురించి చెప్పే భాగంలో ‘ధూళి లేవనీయవద్దు’ అన్న వాక్యం ఉంటుంది. ప్రాణం కాపాడేది ఆ వాక్యమే.

చివరగా ఒక మాట. పొడిలో గోధుమరంగు నలకలు కనిపించినా, మాడువాసన వచ్చినా, బేరింగు వేడెక్కి కీచుమన్నా, ‘పెద్దవాళ్ళు చూసుకుంటారులే’ అని ఊరుకోకండి. వెంటనే చెప్పండి. వినకపోతే మళ్ళీ చెప్పండి. మీరు సూపర్‌వైజరు అయితే, చెప్పినవాడిని కసురుకోకండి, ముందు యంత్రం ఆపండి. ఆగిన గంటసేపటి ఉత్పత్తిని రేపు తీసుకోవచ్చు. ఉదయం షిఫ్టుకు వెళ్ళిన మనిషి సాయంత్రం ఇంటికి చేరడం కంటే విలువైన ఉత్పత్తి ఏ కార్ఖానాలోనూ లేదు.

ఇవాళ్టికి మీరు చేయవలసిన అభ్యాసం ఒకటుంది. మీ ప్రయోగశాలలోనో, పనిచేసే చోటనో, మీ ఊరి పిండిమరలోనో పొడి ఎక్కడెక్కడ పేరుకుంటున్నదో చూసి రాయండి. పైన చెప్పిన అయిదు అంశాల్లో అక్కడ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.