ఆటకు అదను

ఏప్రిల్ 15వ తేదీ ఉదయాన విశాఖపట్నం ఫిషింగ్ హార్బరుకు వెళ్ళి చూచినవారికి వింత నిశ్శబ్దం ఎదురవుతుంది. మొన్నటిదాకా తెల్లవారకముందే వేలంపాటల కేకలతో హోరెత్తిన జెట్టీలు అవేనా అనిపిస్తుంది. మరబోట్లన్నీ ఒకదాని ప్రక్కన ఒకటి ఒరుసుకొని నిలిచి ఉంటవి. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక ఆనాటి నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా మరబోట్ల వేట నిషేధం. పూర్వం 47 రోజులుగా ఉండిన ఈ విరామం 2015 నుంచి 61 రోజులయినది.

ఈ రెండు నెలలలో యజమానులు బోట్లకు మరమ్మతులు చేయించుకుంటారు, రంగులు వేయిస్తారు. కళాసీలు వలలు బాగుచేసుకుంటారు. అయినా సాయంకాలానికి పడుచువాళ్ళకు కావలసినంత తీరిక మిగులుతుంది. ఆ తీరికలో వారు బంతి ఆడుతారు. క్రికెట్టు ఆడేవారే ఎక్కువ. ఆ మాట దాచను. కాని రేవు ప్రక్కన ఇసుకలో ఫుట్‌బాల్ ఆడే గుంపులు కూడా నేను ఏటా చూస్తున్నాను. రెండు మంచుపెట్టెలు గోలుకు హద్దులు. ఒకసారి ఎవరో మిగిలిపోయిన వలముక్కను తెచ్చి వాటి నడుమ బిగించి కట్టినారు. అంత చక్కని గోలువలను పట్నంలోని మైదానాలలో నేను చూడలేదు. అల్లిన చేతులు ఎవరివి మరి!

నేను పదవీ విరమణ చేసిన బడిపంతులును. చేపలకోసం వెళ్ళి ఆట చూస్తూ నిలబడిపోవడం నాకు అలవాటు. ఒక ఏడు జూన్ రెండవ వారంలో ఆ కుర్రవాళ్ళలో ఒకడు చెమట తుడుచుకుంటూ వచ్చి, "మాస్టారండీ, ఇన్నాళ్ళూ ఆడినాం గదా, మరి మాలో ఎవలు గెలిసినట్టండీ?" అని అడిగినాడు. నా దగ్గర జవాబు లేకపోయినది. ఆటలు లెక్కలేనన్ని జరిగినవి. లెక్క మాత్రం ఎవరూ వ్రాయలేదు.

లీగు అనేది ఈ లెక్క కోసమే పుట్టినది. ప్రతి జట్టూ ప్రతి జట్టుతోనూ ఆడవలె. గెలిస్తే మూడు పాయింట్లు, సమానమైతే ఒకటి. మన వైపు పండుగలకు పెట్టే పోటీలలో ఒకసారి ఓడినవాడు ఆ సాయంకాలమే ఇంటిదారి పడతాడు. లీగులో ఓడినవాడికి వచ్చే మంగళవారం మరొక ఆట ఉంటుంది. ఆటగాడిని తయారుచేసేది ఆ మంగళవారమే అని నా నమ్మకం.

హైదరాబాదును చూడండి. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1943లో అక్కడి ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయినారు. ఉన్న పోటీలతో తృప్తిపడక, బంతిని కాలిదగ్గర ఉంచుకొని పరుగెత్తరాదనే నియమంతో కొన్ని, బలహీనమైన కాలితోనే తన్నవలెననే నియమంతో కొన్ని పోటీలు పెట్టించినారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచినది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణపతకాలు పొందినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానంలో నిలిచినది. సికిందరాబాదు ప్రక్క అమ్ముగూడలో పుట్టిన పేదింటి కుర్రవాడు తులసీదాస్ బలరాం శిక్షణకు అంతదూరం రాలేనంటే, రహీంగారు సైకిలు అద్దెకని రోజుకొక రూపాయి ఇచ్చేవారట. ఆ కుర్రవాడు 1956లోనూ 1960లోనూ ఒలింపిక్సులో ఆడినాడు.

అయితే ఆ హైదరాబాదు వైభవం వెనుక ఒక సంగతి ఉన్నది. పోలీసు ఆటగాడికి నెలజీతం, మైదానం, వేళకు తీరిక మూడూ ఒకచోటనే దొరికినవి. మన ఓడరేవు 1933లో తెరచినారు. ఫిషింగ్ హార్బరు 1976లో వచ్చినది. రేవులోనో రైల్వేలోనో ఉద్యోగం చేసేవాడు ఆదివారం ఆటకు రాగలడు. మరబోటు కళాసీ ఎట్లా రాగలడు? బోటు ఒకసారి కదిలితే పది పదిహేను రోజుల దాకా తిరిగి రాదు. అతనికి అందేది వేటలో వాటా; పోకపోతే వాటా లేదు. ఆదివారం ఆట ఉన్నదని డ్రైవరుతో చెప్పి నడిసముద్రంలో బోటు వెనుకకు తిప్పించగలవాడెవడు? లీగుల తేదీలన్నీ నేలమీద పనిచేసేవారి కోసం వేసినవి.

కాలాన్ని బట్టి తేదీలు మార్చుకొన్న వారు లేకపోలేదు. నల్లసముద్రపు ఒడ్డున, బల్గేరియా దేశంలో, వార్నా అనే రేవుపట్నం ఉన్నది. 1894లో జార్జ్ ద రెజిబస్ అనే స్విస్ ఉపాధ్యాయుడు అక్కడి బాలుర ఉన్నత పాఠశాలలో ఈ ఆటను ప్రవేశపెట్టినాడు. ఆ పట్నపు జట్టు చెర్నో మోరె; ఆ పేరుకు నల్లసముద్రమనే అర్థం. జనం ఆ జట్టువారిని నావికులని పిలుస్తారు. ఆ దేశంలో మూడంతస్తుల జాతీయ లీగులకు అడుగున జిల్లాలవారీ ఔత్సాహిక లీగులు నడుస్తవి. వాటిలో ఆడేవి చాలావరకు చిన్న ఊళ్ళ జట్లు, పల్లెల జట్లు. వేసవి చివర మొదలుపెట్టి, చలి ముదిరేలోగా సగం ఆటలు ముగిస్తారు. నడిశీతకాలంలో బంతి కదలదు. మంచు కరిగి నేల ఆరిన తరువాత వసంతంలో మిగిలిన సగం. అందరికన్న పైన నిలిచిన పల్లెజట్టు మూడవ లీగులో అడుగుపెట్టవచ్చును. చలిలో ఆడలేదని ఆ పల్లెలను ఎవరూ ఆక్షేపించరు. పట్టికే ఆ విధంగా వేసుకొన్నారు.

మనకు మంచు లేదు, వేట ఉన్నది. ఆరు జట్లు ఒకదానితో ఒకటి రెండేసిసార్లు ఆడితే 30 ఆటలు. రోజు విడిచి రోజు ఒకటి చొప్పున అరవై రోజులు. నిషేధం 61 రోజులు! ఈ లెక్క తోచిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

మరుసటి ఏప్రిల్‌లో నేనొక నోటుపుస్తకం కొన్నాను. వీధుల పేర్లతో, బోట్ల పేర్లతో ఆరు జట్లు కూడినవి. జట్టుకు ఏడుగురే, ఇసుకలో పదకొండుమందికి చోటు చాలదు. తొలివారంలో తగవులు తప్పలేదు. రెఫరీగా ఈలవేసిన పెద్దమనిషిని ఒకరోజు అందరూ కలిసి వెళ్ళగొట్టి, మర్నాడు మళ్ళీ బతిమాలి తెచ్చుకొన్నారు. మే నెల వచ్చేసరికి పట్టిక చూడనిదే ఎవరూ ఇంటికి పోవడం లేదు. అడుగున ఉన్న జట్టు ఆరు ఆటలు ఓడి, ఏడవది గెలిచినది. ఆ సాయంకాలం వారు చేసిన సందడి మొదటి స్థానంవారు కూడా ఎన్నడూ చేయలేదు.

జూన్ 14 నాటికి 29 ఆటలు ముగిసినవి. ముప్పదవది మొదటి రెండు జట్లకు. ఒకరికి 20 పాయింట్లు, ఇంకొకరికి 19. సాయంకాలం నాలుగింటికి నేను వెళ్ళేసరికి జెట్టీమీద మంచు ఎక్కిస్తున్నారు, డీజిలు పడుతున్నారు. కుర్రవాళ్ళ చేతులు తాళ్ళమీద ఉన్నవి. అర్ధరాత్రికి బోట్లు కదలవలె. "వచ్చినాక ఆడేత్తాం మాస్టారండీ" అని బోటుమీదనుంచే ఒకడు కేకవేసినాడు. ఒక బోటు తిరిగి వచ్చేసరికి రెండవది వెళ్ళి ఉండేది. సంవత్సరం పొడుగునా అదే వరుస.

ఆ రెండవ స్థానపు జట్టులోని గోలుకీపరు ఆగస్టులో మేనమామ వెంట గుజరాతులోని వెరావల్ రేవుకు పనికి పోయినాడు. శ్రీకాకుళం తీరంనుంచి ఎందరో అట్లా పోతారు. అక్కడ నిషేధం జూన్ 1న మొదలవుతుంది. కాబట్టి ఇక్కడివారికి తీరిక వచ్చిన ఏప్రిల్‌లో అతడు అక్కడ సముద్రంమీద ఉన్నాడు. వేరొకరిని గోలులో నిలబెట్టి ఆట ముగించుదామని నేనన్నాను. అవతలి జట్టువారే ఒప్పుకొనలేదు.

రెండు తీరాలవారికీ ఒకేసారి తీరిక దొరికేది జూన్ 1 నుంచి 14 వరకు, పద్నాలుగు రోజులే. మొదటి వారంలో రైలు దిగుతానని అతడు కబురంపినాడు. జూన్ 8 సాయంకాలానికి ఆ ముప్పదవ ఆటను పుస్తకంలో వ్రాసి పెట్టుకొన్నాను.